‘అదిగో’ అంటే ఎక్కడ్రా?

“ఎనిమీ ఉన్నాడ్రా!”

“ఎక్కడ?”

“అదిగో, చెట్టు దగ్గర.”

“ఏ చెట్టు?”

“నా రైట్‌లోరా బాబూ!”

“నీ రైటా, నా రైటా?”

ఈలోపు ఢాం. ఇద్దరూ లాబీలో. తర్వాత పది నిమిషాలు తప్పు ఎవరిదని గొడవ.

పబ్‌జీ గానీ బీజీఎంఐ గానీ ఫ్రెండ్స్‌తో ఆడినవాళ్లకి ఈ సీన్ కొత్తగా చెప్పక్కర్లేదు. షూటర్ గేముల్లో గురి బాగా కుదిరిన వాళ్లు గెలుస్తారని అందరూ అనుకుంటాం. నా అనుభవంలో, శత్రువు ఎక్కడున్నాడో పక్కవాడికి అర్థమయ్యేలా చెప్పగలిగిన వాళ్లు ఎక్కువ గెలుస్తారు. ఈ వారం ఆ చెప్పడం గురించే. మధ్యలో నేను చేసిన ఒక వెధవ పని కూడా ఉంది, అది కూడా చెప్పేస్తాను.

మాది జంగారెడ్డిగూడెం. గోదావరి జిల్లా అనగానే వరి చేలు, కాలవలు అనుకుంటారు గానీ మాది మెట్ట. పొగాకు, పామాయిల్, మధ్యలో కోకో. పామాయిల్ తోటలో ఎప్పుడైనా నిలబడ్డారా? ఎకరానికి 57 చెట్లు, మూడు మూలల పద్ధతిలో, చెట్టుకీ చెట్టుకీ తొమ్మిది మీటర్లు. ఎటు చూసినా ఒకటే చెట్టు కనిపిస్తున్నట్టు ఉంటుంది. అక్కడ నిలబడి “అదిగో ఆ చెట్టు” అంటే గెలలు కోసే మనిషి మన మొహం చూస్తాడు. మా నాన్న ఎప్పుడూ అలా అనరు. “గేటు వైపు నించి ఏడో వరస, నాలుగో చెట్టు” అంటారు. మరీ ముఖ్యమైతే ముందురోజే వెళ్లి మొదలుకి సున్నం పూసి వస్తారు. మర్నాడు ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. సున్నం చూసుకుంటూ వెళ్లి పని చేసుకొచ్చేస్తారు.

గేములో మార్క్ అంటే ఆ సున్నమే.

పబ్‌జీ మొబైల్ 2018లో వచ్చినప్పుడు మేం ఇంజినీరింగ్‌లో ఉన్నాం. హాస్టల్లో నలుగురం ఒకే మంచం మీద కూచుని ఆడేవాళ్లం కాబట్టి సమస్యే లేదు. పక్కవాడి స్క్రీన్‌లోకి తొంగి చూస్తే సరి. ఎవరింటికి వాళ్లు వెళ్లాక మొదలైంది అసలు కష్టం. స్క్రీన్ పైన దిక్సూచి ఉంటుంది కదా, 0 నుంచి 360 దాకా అంకెలు. ఆ అంకె చెప్పడం నేర్చుకున్నాం. “తొంభైలో ఉన్నాడు” అంటే తూర్పు అన్నమాట. బాగానే ఉంది గానీ, ఆ తొంభై చెప్పినవాడికే తొంభై. వాడికి సరిగ్గా తూర్పున వంద మీటర్ల దూరంలో శత్రువు ఉన్నాడనుకోండి. నేను మావాడికి యాభై మీటర్లు దక్షిణంగా ఉంటే అదే శత్రువు నాకు 63 దగ్గర కనిపిస్తాడు. తొంభైకేసి చూస్తే గడ్డి తప్ప ఏముంటుంది? ఇంటర్‌లో త్రికోణమితి ఎందుకు చెప్పారో నాకు ఎరాంగెల్ మ్యాప్‌లో అర్థమైంది.

ఇంక తెలియని వాళ్లతో ఆడితే ఇంకో తమాషా. టీమ్‌లో ఒకడు బీహార్, ఇంకొకడు మధ్యప్రదేశ్. హిందీలో అంకెలు చెప్తారు. మనకి హిందీ అంటే సినిమా హిందీ. ఒకసారి ఒకతను “ఏక్ సౌ పచాసీ” అని అరిచాడు. నేను పచాస్ అనుకుని 150 వైపు తిరిగి ధైర్యంగా నిలబడ్డాను. పచాసీ అంటే 85 అని వీపు మీద దెబ్బ పడ్డాక తెలిసింది.

మార్క్ ఈ గొడవలన్నీ ఒక్క దెబ్బకి తీసేస్తుంది. లోపల జరిగేది కూడా సింపులే. మీరు బటన్ నొక్కగానే మీ కెమెరా మధ్యలోంచి గేము ఒక కనిపించని గీతని ముందుకి పంపిస్తుంది. అది గోడకో, రాయికో, నేలకో ఎక్కడ మొదట తగిలితే ఆ చోటు మూడు అంకెలు. అంత పొడవు, అంత వెడల్పు, అంత ఎత్తు. ఎవరు పెట్టారు, దేని గురించి పెట్టారు అనేవి కలిపి చూసినా కొన్ని పదుల బైట్లు దాటదు. మిగతా ముగ్గురి ఫోన్లూ ఆ చోటుని ఎవరు నిలబడ్డ కోణం నుంచి వాళ్లకి లెక్కేసి చూపిస్తాయి. నీ రైటా నా రైటా అన్న ప్రశ్నే రాదు. మాట అలా కాదు, మాట్లాడినంతసేపూ డేటా పోతూనే ఉండాలి. మా డాబా మీద సిగ్నల్ ఒక గీత ఉన్న రోజుల్లో ఫ్రెండ్ గొంతు “ఎ… ఎ… నిమీ” అని ముక్కలై వచ్చేది, మార్క్ మాత్రం టక్కున వచ్చేది.

ఇది కొత్త ఐడియా ఏమీ కాదు. కంప్యూటర్ మీద బ్యాటిల్‌ఫీల్డ్ ఆడినవాళ్లకి 2010 నాటి బ్యాడ్ కంపెనీ 2 గుర్తుండే ఉంటుంది. శత్రువు మీద గురి పెట్టి ఒక కీ నొక్కితే వాడి నెత్తి మీద ఎర్ర గుర్తు వచ్చేది, వాడితో పాటే కదిలేది. ఏమైందంటే, జనం చూడ్డం మానేసి ఊరికే ఆ కీ టకటకా కొట్టుకుంటూ పరిగెత్తడం మొదలెట్టారు. పొదలో ఎవడైనా ఉంటే గుర్తు అదే వస్తుంది కదా అని. చివరికి 2018లో బ్యాటిల్‌ఫీల్డ్ 5 వచ్చేసరికి ఆ సౌకర్యాన్ని బాగా కత్తిరించేశారు. కదిలే గుర్తు పెట్టే పని ప్రధానంగా రీకాన్ సైనికులకి వదిలారు. నాకైతే అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. కళ్లతో చూసి చెప్పడం వేరు, బటన్ చూసి పెట్టడం వేరు. వాల్‌హ్యాక్ కొనుక్కుని గోడల వెనక మనుషుల్ని చూసే దొంగలు చేసేది ఇదే, కాకపోతే ఇంకొంచెం సిగ్గు లేకుండా.

మార్క్‌ని ఒక భాషలా చేసింది మాత్రం అపెక్స్ లెజెండ్స్. 2019 ఫిబ్రవరి 4న వచ్చింది. ముగ్గురు ముగ్గురు టీములు. ఒకసారి నొక్కితే ‘ఇటు వెళ్దాం’, రెండుసార్లు నొక్కితే ‘శత్రువు’. తుపాకీ మీద నొక్కితే ఆ తుపాకీ పేరు చెప్తుంది. అన్నిటికంటే నాకు నచ్చింది, పక్కవాడు దానికి తిరిగి జవాబు ఇవ్వొచ్చు, చూశాను అని. తయారుచేసిన రెస్పాన్ వాళ్లు గేము ఇంకా తయారీలో ఉన్నప్పుడు నెల రోజులు మైకులు కట్టేసి ఆడి చూశారట. మాట లేకుండా ఎక్కడెక్కడ ఇరుక్కుపోతున్నామో చూసుకుని అక్కడల్లా ఒక గుర్తు పెట్టారు. కొద్ది వారాలకే ఫోర్ట్‌నైట్ కూడా అలాంటిది తెచ్చింది. 2021 ఆగస్టులో ఈఏ కంపెనీ ఈ పద్ధతి మీద తనకున్న పేటెంట్‌ని, ఇంకొన్నిటితో కలిపి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. వినపడని వాళ్లు, మాట్లాడలేని వాళ్లు కూడా అందరితో సమానంగా ఆడాలన్నది కారణం.

ఆ మాట చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం వినపడుతూ, మాట్లాడగలిగి కూడా మాట్లాడని ఒక మనిషి.

2020 వేసవి. ఆఫీసు మూసేశారు, హైదరాబాద్‌లో హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చేశాను. (అప్పటికి మాది ఇంకా పశ్చిమ గోదావరే. ఏలూరు జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో.) పగలంతా లాప్‌టాప్, రాత్రి పదింటికి పబ్‌జీ. నేనూ, కొయ్యలగూడెం నుంచి ఒక ఫ్రెండూ, నా పాత రూమ్మేటూ. నాలుగో మనిషిగా ఎవరో ఒక ఐడీ నుంచి రిక్వెస్ట్ వస్తే చేర్చుకున్నాం. సింహం బొమ్మ, మగ పేరు. బాగా ఆడేవాడు. కానీ మైక్ ఎప్పుడూ ఆఫే. “ఒరేయ్ నాలుగూ, మాట్లాడవేంట్రా” అని మేం ఆటపట్టించినా ఉలుకూ పలుకూ లేదు. నాలుగో నంబరు ఆటగాడి రంగు ఆకుపచ్చ. మ్యాప్‌లో, కొండ మీద, కిటికీ దగ్గర, ఎప్పుడు చూసినా ఒక ఆకుపచ్చ గుర్తు ఉండేది. మేం దాన్ని పెద్దగా పట్టించుకునేవాళ్లం కాదు.

ఒక రాత్రి పొచింకిలో ఉన్నాం. చివరి సర్కిల్ దగ్గరపడుతోంది. మేం దాక్కున్న మేడ ముందు ఎయిర్‌డ్రాప్ పడింది. ఎదురింటి పై కిటికీ మీద ఆకుపచ్చ గుర్తు వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ. వేలు జారి నొక్కుకుంటున్నాడేమో అనుకున్నాను. “పదండ్రా మావా” అని కిందకి దూకాను. నా వెనకాలే ఇద్దరూ. ఆ కిటికీలోంచి ముగ్గురినీ వరసగా లేపేశారు. నాలుగోవాడు ఒక్కడే చివరి దాకా నిలబడి రెండో స్థానం తెచ్చాడు.

నేనేం చేశానో తెలుసా? మైక్‌లో తిట్టాను. “మైక్ లేనోడివి స్క్వాడ్‌లోకి ఎందుకొస్తావ్, నోరు లేదా, ఒక్క మాట చెప్పి ఉంటే ముగ్గురం బతికేవాళ్లం కదా” అని. ఇంకా రాయలేనివి కూడా అన్నాను. మర్నాడు ఫ్రెండ్స్ లిస్టులోంచి తీసేశాను. సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లని నిషేధించింది, అందులో పబ్‌జీ కూడా పోయింది. ఆ సంగతి మర్చిపోయాను.

దసరాకి మా బాబాయ్ వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. అదే ఊరు, రెండు వీధుల అవతల. పబ్‌జీ లేక బుర్ర పనిచేయట్లేదని నేను వాగుతుంటే, డిగ్రీ చదువుతున్న మా చెల్లి (బాబాయ్ గారమ్మాయి) పులిహోర వడ్డిస్తూ మెల్లిగా అంది: “మూడుసార్లు మార్క్ పెట్టాను అన్నయ్యా. నువ్వు చూడకుండా దూకేశావు.”

ముద్ద గొంతులో ఉండిపోయింది.

నా ఐడీ నా ఫోన్‌లోనే చూసిందట. తెలిసినవాళ్లతో అయితే ప్రశాంతంగా ఆడుకోవచ్చని రిక్వెస్ట్ పెట్టింది. మరి మైక్ ఎందుకు ఆన్ చెయ్యలేదే అంటే, ముందు బయటవాళ్లతో రెండుసార్లు ఆన్ చేసి చూశానంది. మొదటిసారి “అమ్మాయివా?” అని మొదలెట్టి ఆట మానేసి నంబరు అడిగారు. రెండోసారి నంబరు ఇవ్వనందుకు ఆట అయ్యేదాకా బూతులు. “నాతో అయితే ఏం భయమే, నేను అన్నయ్యనే కదా” అన్నాను. తను నా వైపు చూసి, “అంతకుముందు వారం ఎవరో అమ్మాయి వస్తే మీ ముగ్గురూ ఎలా మాట్లాడారో వినలేదేంటి నేను?” అంది.

ఆ ఆట నాకు గుర్తుంది. మేం బూతులు మాట్లాడలేదు. కానీ పాటలు పాడాం, “మేడం గారికి మందు ఇవ్వండ్రా” అని ఇకిలించాం. ఆ అమ్మాయి మధ్యలోనే వెళ్లిపోయింది. మేం నవ్వుకున్నాం. నాలుగో నంబరు అప్పుడు కూడా మౌనంగా ఉంది. అప్పుడు కూడా మార్కులు పెడుతూనే ఉంది.

జరాసంధుడితో పోరాడుతున్న భీముడికి కృష్ణుడు నోటితో ఏమీ చెప్పలేదు. ఒక పుల్ల చీల్చి చూపించాడు. ఆ కథలో మనం ఎప్పుడూ కృష్ణుడి తెలివినే మెచ్చుకుంటాం. అంత కొట్లాటలో భీముడు తలతిప్పి చూశాడు కదా, అది ఇప్పుడు నాకు పెద్ద విషయంగా కనిపిస్తోంది.

ఆఫీసులో కూడా నాకు ఇదే కనిపిస్తుంది. సర్వర్ ఏదైనా మొరాయిస్తే ఫోన్‌కి అలర్ట్ వస్తుంది. రోజుకి రెండొందలు వస్తే ఎవడూ చూడడు, నాన్నా పులి కథే. అందుకని అనవసరమైనవి తీసేస్తాం. మిగిలిన ప్రతి అలర్ట్‌కీ ‘చూశాను’ అని ఎవరో ఒకరు నొక్కాల్సిందే, నొక్కకపోతే అది పై వాళ్లకి వెళ్తుంది. ఈ ఏర్పాటు కోసం మా టీమ్‌లో వాదించి మరీ పెట్టించింది నేనే. రాత్రి పదింటికి గేములోకి వచ్చేసరికి ఆ బుద్ధి ఎక్కడికి పోయేదో మరి.

బీజీఎంఐ 2021 జులైలో వచ్చింది, మరుసటి జులైలో స్టోర్ల నుంచి పోయింది, 2023 మేలో తిరిగొచ్చింది. వచ్చిన ప్రతిసారీ ముందు చెల్లికే మెసేజ్ పెట్టాను. మొదటిసారి వారం రోజులు జవాబు లేదు. తర్వాత “ఆ ఇద్దరూ ఉంటే రాను” అంది. కొయ్యలగూడెం వాడికి సంగతి చెప్తే ఫోన్ చేసి సారీ చెప్పాడు. రూమ్మేట్ “గేమే కదా మావా, అంత సీరియస్ ఎందుకు” అన్నాడు. ఇప్పుడు మేం ముగ్గురమే ఆడుతున్నాం, నాలుగో మనిషి ఎవరు దొరికితే వాళ్లు.

తెలియని మనిషి ఉన్న ఆటలో చెల్లి మైక్ ఇప్పటికీ ఆఫే. ఆన్ చెయ్యమని నేను అడగను.

మొన్న ఆదివారం రాత్రి మళ్లీ పొచింకి. నాలుగోవాడు తమిళనాడు కుర్రాడు. చర్చి పక్క ఇంటి మీద గుర్తు పడింది, చెల్లిదే. ఆ కుర్రాడు పరిగెత్తబోతున్నాడు. అరవం నాకు రాదు, తెలుగు అతనికి రాదు. నేనూ అదే కిటికీ మీద ఇంకో గుర్తు పెట్టాను. కొయ్యలగూడెం వాడు ఇంకోటి. ఆ కుర్రాడు ఆగాడు. వెనక్కొచ్చి గోడ పక్కన కూచున్నాడు.