కుర్రాడి చెయ్యి సరే, జట్టు సంగతేంటి?

1999 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలోని ఒక రేడియో స్టేషన్ వాళ్లు ముప్పై మంది దాకా వీరాభిమానులను పోగేసి, బస్సెక్కించి న్యూయార్క్ తీసుకెళ్లారు. ఆ రోజు అక్కడ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్. అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే తంతు అది. తమ ఈగల్స్ జట్టు టెక్సస్ విశ్వవిద్యాలయం రన్నింగ్ బ్యాక్ రికీ విలియమ్స్‌ను తీసుకోవాలని వాళ్ల పట్టు. రెండో వంతు దక్కిన ఈగల్స్ మాత్రం సిరక్యూస్ క్వార్టర్‌బ్యాక్ డొనోవన్ మెక్‌నాబ్ పేరు చెప్పింది. జీవితంలోకెల్లా గొప్ప రోజున ఇరవై రెండేళ్ల కుర్రాడు వేదికెక్కితే, సొంత జట్టు అభిమానులే హాలు హోరెత్తేలా ‘బూ’ కొట్టారు. ఆ మెక్‌నాబే తర్వాత ఈగల్స్‌ను ఐదుసార్లు కాన్ఫరెన్స్ ఫైనల్‌కూ, ఒకసారి లీగ్ తుది పోరు సూపర్ బౌల్‌కూ తీసుకెళ్లాడు.

ఈ కథ చెప్పి అభిమానులను వెక్కిరించడం తేలిక. ఆ వెక్కిరింతలో న్యాయం సగమే. ఆ ఏడాది మొదటి మూడు వంతుల్లోనూ క్వార్టర్‌బ్యాక్‌లే వెళ్లారు. క్లీవ్‌లాండ్ తీసుకున్న టిమ్ కౌచ్, సిన్సినాటి తీసుకున్న అకిలీ స్మిత్ ఇద్దరూ నిలదొక్కుకోలేదు. ఫిలడెల్ఫియా జనం అడిగిన ఆ రికీ విలియమ్స్ కోసమే న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ ఆ ఏటి వంతులన్నీ, మరుసటి ఏటివి మరో రెండూ ధారపోసింది. అభిమాని అంచనా తప్పితే గొంతు బొంగురుపోతుంది, అంతే. జీతం తీసుకుని తప్పేవాళ్ల సంగతి వేరు.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడ్డ కళ్లకు డ్రాఫ్ట్ కాస్త వింతగా తోస్తుంది. ఇక్కడ పాట పెంచడం ఉండదు. కిందటి సీజన్‌లో అందరికన్నా ఎక్కువగా ఓడిన జట్టుకు మొదటి వంతు, చాంపియన్‌కు చిట్టచివరి వంతు. 32 జట్లు, ఏడు రౌండ్లు. 1936లో జరిగిన తొట్టతొలి డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన పేరు జే బెర్వాంగర్. ఆయన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు! జోస్యాలు తప్పడం అక్కడి నుంచే మొదలైంది.

తగువంతా క్వార్టర్‌బ్యాక్ గురించే ఎందుకంటే, దాదాపు ప్రతి ఎత్తులోనూ బంతి ముందు అతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈలోగా భారీకాయులు మీదికి దూకుతుంటారు. అలాంటివాడు దొరికితే జట్టు రాత పదేళ్లు మారుతుంది. అందుకే ఏటా ఇండియానాపొలిస్‌లో జరిగే పరీక్షల్లో కుర్రాళ్ల ఎత్తు, బరువు, 40 గజాల పరుగుతో పాటు జాన కూడా కొలుస్తారు. అరచేయి చాపించి, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా స్కేలు పెడతారు. 2022లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం కుర్రాడు కెనీ పికెట్ జాన ఎనిమిదిన్నర అంగుళాలేనని తేలింది. తడిసిన బంతి మీద అతనికి పట్టు దొరుకుతుందా అని వారాల తరబడి చర్చ. 2000లో మిషిగన్ కుర్రాడు టామ్ బ్రేడీ 40 గజాలు పరిగెత్తడానికి 5.28 సెకన్లు పట్టింది. అతన్ని 199వ వంతులో తీసుకున్నారు. అతను గెలిచినవి ఏడు సూపర్ బౌల్‌లు.

కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ల తరబడి డ్రాఫ్ట్‌ల లెక్కలు తీశారు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు, ఆ వెనకే ఎంపికైనవాడికన్నా మెరుగని తేలింది నూటికి 52 సార్లు. బొమ్మాబొరుసు వేసినా 50 వస్తుంది. థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో షికాగో బేర్స్, కాలేజీలో 13 మ్యాచ్‌లే మొదటి నుంచి ఆడిన క్వార్టర్‌బ్యాక్ మిచ్ ట్రుబిస్కీ కోసం మూడో వంతుకు తోడు మరికొన్ని వంతులిచ్చి రెండో వంతు కొనుక్కుంది.

కాబట్టి ఈ కుర్రాడు గట్టివాడా కాదా అన్నది ఏప్రిల్‌లో తేల్చడం దాదాపు ఎవరివల్లా కాదు. తేల్చదగ్గది ఇంకొకటి ఉంది. అతను వచ్చిపడే జట్టు ఎలాంటిది? కోచ్ ఈ ఏడాది చివరిదాకా ఉంటాడా? క్వార్టర్‌బ్యాక్ ముందు కోటగోడలా నిలవాల్సిన అఫెన్సివ్ లైన్‌లో ఎన్ని కంతలున్నాయి? ప్రతి ఆదివారం మ్యాచ్ చూసే అభిమానికి ఇవన్నీ కొట్టినపిండి. అయినా తగువు మాత్రం కుర్రాడి చెయ్యి చుట్టూనే తిరుగుతుంది.

2002లో కొత్తగా పుట్టిన హ్యూస్టన్ టెక్సన్స్ జట్టు మొదటి వంతులో డేవిడ్ కార్‌ను తెచ్చుకుంది. ఆ ఒక్క సీజన్‌లో ప్రత్యర్థులు అతన్ని బంతితో సహా 76 సార్లు నేలకూల్చారు. లీగ్ చరిత్రలో అదే రికార్డు. మూడేళ్ల తర్వాతి సీజన్‌లో మరో 68 సార్లు. అలాంటి చోట ఏ మొనగాడైనా ఏం చేస్తాడు?

2017లో ట్రుబిస్కీ వెళ్లిన షికాగో అంతకుముందు ఏడాది 13 మ్యాచ్‌లు ఓడిన జట్టు. ఐదో మ్యాచ్‌కే అతన్ని బరిలోకి దించారు. సీజన్ ముగియగానే కోచ్‌ను సాగనంపారు. అదే డ్రాఫ్ట్‌లో పదో వంతున క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్‌ను తీసుకున్న కాన్సస్ సిటీ అంతకుముందు ఏడాది 12 గెలిచిన జట్టు. మహోమ్స్ మొదటి ఏడాదంతా అలెక్స్ స్మిత్ వెనక కూర్చుని నేర్చుకున్నాడు, చివరి లీగ్ మ్యాచ్ మాత్రం ఆడాడు. అక్కడి కోచ్ ఆండీ రీడ్. అంతకు పద్దెనిమిదేళ్ల ముందు జనం చేత ‘బూ’ కొట్టించుకున్న మెక్‌నాబ్‌ను ఎంచుకున్న ఈగల్స్ కోచ్ కూడా ఆయనే.

అలాగని నేరమంతా జట్టుదే అంటే అదీ అతి. 1998లో మొదటి వంతు పేటన్ మానింగ్‌కా, ర్యాన్ లీఫ్‌కా అని అమెరికా రెండుగా చీలి వాదించుకుంది. శాన్ డియాగోకు వెళ్లిన లీఫ్ మూడో మ్యాచ్‌లో 15 సార్లు విసిరితే ఒక్కటే అందింది, వచ్చింది నాలుగు గజాలు. ఆ కుర్రాడు ఎక్కడికి వెళ్లినా నిలిచేవాడా అన్నది అనుమానమే.

అసలు నష్టం తెచ్చేది ఎంపిక కాదు, దాని కోసం ఎగబడటం. 2021లో శాన్ ఫ్రాన్సిస్కో ట్రే లాన్స్ కోసం మూడు మొదటి రౌండ్ వంతులు ఇచ్చుకుంది. అతను ఆ జట్టుకు మొదటి నుంచి ఆడింది నాలుగు మ్యాచ్‌లు. జట్టును 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌కు చేర్చింది 2022 డ్రాఫ్ట్‌లో చిట్టచివరన, 262వ వంతులో దొరికిన బ్రాక్ పర్డీ. 2023లో బ్రైస్ యంగ్ కోసం కరోలినా తన మేటి రిసీవర్ డీజే మూర్‌నూ, వంతులనూ షికాగోకు ఇచ్చేసింది. బంతి అందుకోవాల్సిన మేటి ఆటగాడినే అమ్మేసి, విసిరేవాణ్ని కొనుక్కోవడమేమిటో! యంగ్ ఆ సీజన్‌లో 62 సార్లు నేలకరిచాడు.

జట్ల ఆత్రానికి కారణం డబ్బు కూడా. 2010లో మొదటి వంతు శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం రాశారు. కొత్త ఆటగాళ్ల జీతాలకు కళ్లెం వేశాక, 2011లో క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2.2 కోట్లే. చవకగా దొరికే క్వార్టర్‌బ్యాక్ ఉంటే మిగిలిన డబ్బుతో జట్టంతా కట్టుకోవచ్చు. లెక్క సరైనదే, కాకపోతే వంతులన్నీ అమ్ముకున్నాక జట్టును దేనితో కడతారు?

డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది పక్కవీధి కథే. కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం ఫ్రిస్కోలోనే ఉంది. వచ్చే ఏప్రిల్‌లో అక్కడి మన పిల్లలు ఏదో ఒక కాలేజీ కుర్రాడి కోసం కొట్లాడుకుంటే, పెద్దలు 2016 సంగతి గుర్తుచేయొచ్చు. ఆ ఏడాది కౌబాయ్స్ కోరుకుంది ప్యాక్స్టన్ లించ్‌ను. డెన్వర్ ఎగబడి 26వ వంతులో అతన్ని తన్నుకుపోయింది. తర్వాత కన్నుపడ్డ కానర్ కుక్‌ను ఒక్క వంతు ముందు ఓక్లాండ్ ఎత్తుకెళ్లింది. చివరికి 135వ వంతులో డాలస్‌కు మిగిలినవాడు డాక్ ప్రెస్కాట్. అతని ముందు టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్‌లతో లీగ్‌లోనే బలమైన లైన్ అప్పటికే సిద్ధంగా ఉంది. మొదటి సీజన్‌లోనే జట్టు 13 గెలిచి మూడే ఓడింది. డెన్వర్‌కు లించ్ మొదటి నుంచి ఆడింది నాలుగే మ్యాచ్‌లు.