అబ్బా ఘడీలో ఆపా హక్కు

1970లు, 80లలో సౌదీకి, దుబాయికి వెళ్లొచ్చిన మన పెద్దల చేతికి సీకో ఘడీ ఉండేది. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఎన్నో ఇళ్ల అల్మారాల్లో ఇత్తర్ సీసాల పక్కన అవి ఇంకా పడి ఉన్నాయి. వాటిలో కొన్ని క్రోనోగ్రాఫ్‌లు. కుడివైపు రెండు బొత్తాలుంటాయి. పైది నొక్కితే పొడుగాటి సెకన్ల ముల్లు పరుగెడుతుంది, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది, కిందది నొక్కితే 12 దగ్గరికి తిరిగొస్తుంది. చిన్నప్పుడు మాకు అదో తమాషా.

సీకో 6139 అనే రకం 1969లో వచ్చింది. చేయి కదిలితే చాలు, దానంతటదే కీ ఎక్కే తొలి క్రోనోగ్రాఫ్‌లలో ఒకటి. 1973లో స్కైలాబ్‌కు వెళ్లిన వ్యోమగామి విలియం పోగ్ తన వెంట తీసుకెళ్లింది ఈ రకమే. వెనక మూత మీది సీరియల్ నంబరులో మొదటి అంకె తయారైన ఏడాది చివరి అంకె, రెండోది నెల. పాత ఘడీల షౌక్ ఉన్నవాళ్లు ఇలాంటిదానికి పదివేలు దాటి కూడా ఇస్తారు, డయల్ అసలుదై ఉంటే. కొత్త రంగు పూసిన డయల్‌కు, పాలిష్ పట్టి అరగదీసిన కేసుకు ఆ కద్ర్ ఉండదు.

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక చాలీస్వాఁ లోపే ఆ ఘడీ పెద్దకొడుకు చేతికి చేరిపోతుంది. "పాత ఘడీయే కదా" అంటారు. నా ఏతరాజ్ ఇక్కడే. సూర అన్నిసా 7వ ఆయత్ తర్కా కొద్దిదైనా ఎక్కువైనా మగవాళ్లతో పాటు ఆడవాళ్లకూ హిస్సా ఉందని చెబుతుంది. జహేజ్‌లో ఇచ్చిన ఘడీ ధర ఇరవై ఏళ్లయినా గుర్తుంచుకునే మనం అబ్బా ఘడీ ధర మాత్రం అడగం!

ఘడీని కోసి పంచాలా అని నవ్వేవాళ్లుంటారు. కోయనక్కర్లేదు, తెలిసినవాళ్లతో ధర కట్టించండి. కఫన్ దఫన్ ఖర్చు, ఖర్జ్, వసీయత్ తీరాక 16,000 విలువ మిగిలిందనుకుందాం. వారసులు అమ్మీ, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లే అయితే అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే 2,000. మిగిలిన 14,000లో కొడుక్కి 7,000, కూతుళ్లకు చెరి 3,500. భాయ్‌కి ఘడీ కావాలంటే 9,000 ఇచ్చి ఉంచుకోవచ్చు. అమ్మీ, అక్కాచెల్లెళ్లు ఖుషీగా వదిలేస్తే ఇంకా మంచిది. అయితే ధర తెలియకుండా "తీస్కో భయ్యా" అన్నది మాఫీ ఎలా అవుతుంది? నాబాలిగ్ పిల్లల హిస్సానైతే వాళ్ల తరఫున ఎవరూ వదిలేయలేరు.

ఘడీ ఏళ్లుగా ఆగిపోయి ఉంటే బొత్తాలు గట్టిగా నొక్కకండి, లోపల నూనె ఎండిపోయి ఉంటుంది. బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. అంతకంటే ముందు ఆపాకి ఒక ఫోన్ చేయండి.