గోదావరి కనిపించే వంటగది

నీళ్ల ఒడ్డున ఇల్లు అద్దెకి తీసుకుని, నాలుగు రోజులు ఉండి రావడం ఇప్పుడు మన ఇళ్లల్లో బాగా అలవాటైపోయింది. హోటలు గదులు వద్దట, ఇల్లే కావాలట. ఎందుకూ అని అడగండి, మగవాళ్లందరి నోటా ఒకటే మాట వస్తుంది. "వంటగది ఉంటుంది కదా!" ఆ ముక్క విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఉంటే ఎవరికండీ లాభం?

సూటిగా చెప్పేస్తాను. వంటగది ఉన్న విడిదింట్లో ఇల్లాలికి సెలవు లేదు. పొయ్యి మారుతుంది, అంతే.

కిందటి సంక్రాంతి వెళ్లాక మేం పదకొండు మందిమి దిండి వెళ్లాం. పాలకొల్లులో రైలు దిగి, చించినాడ వంతెన దాటితే వచ్చేస్తుంది. వశిష్ఠ గోదావరి గట్టు, రెండు వైపులా కొబ్బరి తోటలు, పొద్దున్నే నీళ్ల మీద పొగమంచు. చోటుకి వంక పెట్టను, అంత బావుంది. మేం తీసుకున్న ఇంటి ప్రకటనలో పెద్ద అక్షరాలతో రాశారు, గోదావరి కనిపించే వంటగది అని. అబద్ధం కాదు. సింకు పైన కిటికీ ఉంది. ఆ నాలుగు రోజుల్లో మా అందరిలోకీ గోదావరిని ఎక్కువసేపు చూసింది నేనూ మా తోటికోడళ్లూనే, అంట్లు తోముతూ.

చుట్టుపక్కల చూడాల్సినవి బోలెడు. అంతర్వేది నరసింహస్వామి గుడి, గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు, ఆదుర్రు బౌద్ధ స్తూపం, అప్పనపల్లి బాలబాలాజీ, పాలకొల్లు క్షీరారామం. సఖినేటిపల్లి రేవు నుంచి నర్సాపురానికి పంటు మీద దాటడం పిల్లలకి పండగే. కానీ ఇల్లాలి చేతిలో ఈ జాబితా ఇంకోలా మారిపోతుంది. అంతర్వేది అంటే తెల్లవారకుండా లేచి పులిహోర కలపడం. ఆదుర్రు అంటే మధ్యాహ్నం భోజనాలు అయ్యాక కదా, గిన్నెలు ఎవరు సర్దుతారు, మీరు వెళ్లి రండి. పంటు అంటే పదకొండింటికి మా మరిది నర్సాపురం నుంచి తెచ్చిన రెండు కిలోల రొయ్యలు, అవీ వొలిపించకుండా! అక్కడే పది రూపాయలు పడేస్తే ఒలిచి ఇచ్చేవాళ్లు కదయ్యా అంటే, "మీరు చేస్తే శుభ్రంగా ఉంటుంది వదినా" అన్నాడు. మెచ్చుకోలు అనుకున్నాడు పాపం.

మా అత్తయ్యగారికి డెబ్బై దాటాయి. అంతర్వేదికి ఆవిడ వెళ్లడం అది మూడోసారి. ఇన్నిసార్లు వెళ్లినా అన్నాచెల్లెళ్ల గట్టు చూడలేదు. మొదటిసారి చంటిపిల్లాడి పాలు, రెండోసారి సంతర్పణ వంట, ఈసారి "చీకటి పడుతోంది, ఇంటికెళ్లి వంట చేసుకోవాలి కదా" అని అందర్నీ వెనక్కి తిప్పింది ఆవిడే. ఎవరూ బలవంతపెట్టలేదు. అదే కదా అసలు సంగతి.

లెక్కలు కావాలంటే అవీ ఉన్నాయి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా ఎవరి రోజు ఎలా గడుస్తోందో లెక్క తీసింది. ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తుంటే, మగవాళ్లు 97 నిమిషాలు. 2024లో మళ్లీ తీస్తే 289, 88. ఐదేళ్లలో మనకి పది నిమిషాలు తగ్గాయి, వాళ్లకి తొమ్మిది. అంటే మన పది వాళ్ల మీదేం పడలేదు, ఏ మిక్సీ మీదో పడి ఉంటాయి.

నర్సాపురం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ ఊరు లేసుకి పేరు. ఆ లేసు అల్లే ఆడవాళ్ల గురించి 1982లో మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఓ పుస్తకమే రాసింది. వాళ్లు గంటల తరబడి అల్లింది విదేశాలకి వెళ్లేది, వ్యాపారులకి డబ్బొచ్చేది. కానీ వీళ్లు గృహిణులు, ఖాళీ సమయంలో కూర్చుని ఏదో అల్లుకుంటున్నారు అన్న మాట అడ్డం పెట్టుకునే కూలి అంత తక్కువగా ఉంచగలిగారని ఆవిడ వాదన. మన రొయ్యల వేపుడు కూడా ఆ ఖాతాలోదే. సెలవుల్లో సరదాగా వండుకున్నారు!

"బయట తింటే ఎంత ఖర్చో తెలుసా" అంటారు. తెలుసు. ఆదా అయిన డబ్బు ఎవరి ఒంట్లోంచి ఆదా అయిందో మీకు తెలుసా? "పెద్దవాళ్లకి బయటి తిండి పడదు" అంటారు. నిజమే, కాదనను. కానీ కోనసీమలో కమ్మగా వండిపెట్టేవాళ్లకి కరువా? ఊళ్లో ఎవరినడిగినా పప్పు, కూర, చారు కారియర్‌లో కట్టి పంపేవాళ్లని చూపిస్తారు. ఆ వండేది కూడా ఆడమనిషేగా అని మా పెద్ద తోటికోడలు అడిగింది. మంచి ప్రశ్న. అవును, కానీ ఆవిడ డబ్బు తీసుకుంటుంది, అది ఆవిడ సెలవు రోజు కాదు. అదీ నచ్చకపోతే అన్నదమ్ములు ముగ్గురూ వంతులేసుకోండి. ఉడికీ ఉడకని అన్నం తింటే నాలుగు రోజుల్లో ఎవరూ పోరు.

"నీకు వంటంటే ఇష్టమేగా" అని మావారు. ఇష్టమేనండీ. మీకు కారు నడపడం ఇష్టమని, సెలవుల్లో రోజుకి మూడుసార్లు పదకొండు మందిని ఎక్కించుకుని తిప్పమంటే?

ఇంత కోపం ఇప్పుడెందుకంటే, అన్నదమ్ములు ఆ గట్టు మీదే సొంతంగా ఇల్లు కట్టాలనుకుంటున్నారు. ఏటా రెండుసార్లు అందరం కలుసుకోవచ్చని. ప్లాను కూడా గీయించారు. అందులో అన్నిటికన్నా పెద్ద గది ఏదో మీరే ఊహించండి. మగవాళ్లకి నది వైపు వరండా, మనకి నది వైపు వంటగది. ఆడవాళ్లని ఎవరూ అడగలేదు. నేను ఎర్ర పెన్ను తీసుకుని వంటగది కొట్టేసి, టీ కాచుకోవడానికి ఓ అరుగూ ఒంటి పొయ్యీ గీశాను. వరండా రెండింతలు చేశాను.

బావగారికి కోపం వచ్చింది. వంటగది లేని ఇల్లేమిటి, అరిష్టం అన్నారు. కానీ డబ్బు అమ్మిన పొలానిది, పొలం అత్తయ్యగారి పేరున ఉండేది, చెక్కు మీద సంతకం ఆవిడదే. నా ఎర్ర గీతల కాగితం ఆవిడ చాలాసేపు చూసి, మడిచి, దేవుడి గదిలో పెట్టుకున్నారు.

"ఒరేయ్, ముందు నన్ను ఆ గట్టు దగ్గరికి తీసుకెళ్లండి. పొద్దుగూకేదాకా కూర్చుంటాను. సంతకం సంగతి తర్వాత" అన్నారు.

వచ్చే నెలకి టిక్కెట్లు తీశాం. గదులు హోటల్లో.