బాసరా, వరంగల్లా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం నుంచి ఆసిఫాబాద్‌లో ఏ అరుగు మీద కూర్చున్నా ఒకటే ముచ్చట: పిల్లను బాసరకు పంపాలా, ఇంటర్ చదివించి ఎప్‌సెట్ రాయించాలా?

బాసర ట్రిపుల్ ఐటీ 2008లో పుట్టింది. పదో తరగతి మార్కులతోనే సీటు, రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. సర్కారు బడి పిల్లలకు కొంత అదనం కలుపుతారు. కోచింగ్ ఫీజు కట్టలేని ఇంటికి ఇది చిన్న మాట కాదు. అయితే పదిహేనేళ్ల పిల్ల ఆరేళ్ల దారిని ఇప్పుడే ఎంచుకోవాలి. నడుమ మనసు భౌతికశాస్త్రం మీదికో, వైద్యం మీదికో పోతే ఏం చేస్తుంది? నన్నడిగితే, ఈ ప్రశ్న ముందుగా పిల్లనే అడగాలి. మనం మాత్రం మేనమామను అడుగుతాం.

ఇంటర్ దారిన పోతే మంథని, జగిత్యాల జేఎన్టీయూ కాలేజీలున్నాయి, వరంగల్‌లో కాకతీయ ఉంది. అక్కడి ఎన్ఐటీకి మాత్రం జేఈఈ మెయిన్ రాయాలి. ఇంటర్ తర్వాత బీఎస్సీ అనగానే మొహం ముడుచుకునేవాళ్లకు ఒక మాట: ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష ఉంది.

దూరం సంగతీ చూడండి. బాసర మన పాత ఆదిలాబాద్ జిల్లాదే, కానీ రైలు లైను వేరు. వరంగల్‌కైతే ఆసిఫాబాద్ రోడ్‌లో రైలెక్కితే కాజీపేటలో దిగొచ్చు. సెలవులకు పిల్ల ఒంటరిగా రావాల్సిన రోజున ఆ తేడా తెలుస్తుంది.

ఈ సంచికలో ఆ రెండు దారులూ నడిచిన మన ఊరి విద్యార్థులు రాశారు. వాళ్లలో వాళ్లకే పొసగలేదు. అలాగే అచ్చేశాం.