ఇంటి సంస్కృతానికి ఇంటర్ మార్కులు కొలబద్ద కాదు

ఇంట్లో పిల్లలకు సంస్కృతం చెప్పుకుంటున్న తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులారా,

పోయిన నెల మా అక్క కూతురు స్వీట్ల డబ్బాతో ఇంటికి వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం సంస్కృతంలో నూటికి 98. మా ఏడేళ్ల వాడు సంబరంగా తన పుస్తకం పట్టుకుపోయి, "అక్కా, రామేణ అంటే ఏంది?" అని అడిగాడు. ఆ పిల్ల పుస్తకం వైపు చూసింది, నా వైపు చూసింది. "మామా, అది మాకు రాలేదు. ఇంపార్టెంట్ ప్రశ్నలే చదివినాం" అనింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. 98 మార్కుల బిడ్డకు తృతీయా విభక్తి ఏకవచనం తెలియదు. తప్పు ఆ బిడ్డది కానే కాదు. ఆ రాత్రే ఈ కరపత్రం మొదలుపెట్టాను.

జూన్ వస్తే మన ఇళ్లలో అదే తర్జనభర్జన. ఏడేళ్లవాడికి ఏ పుస్తకం, పదకొండేళ్ల పాపకు ఏది, పద్నాలుగేళ్ల పెద్దోడికి ఏది? ముగ్గురికి మూడు పుస్తకాలు, మూడు వేళలు. చెప్పే అమ్మకో నాయనకో ఉండేది ఒకటే సాయంత్రం. దసరా నాటికి మూడూ అటకెక్కుతాయి. రెండేళ్లు నేనూ అలాగే చేశాను, డబ్బులూ పోగొట్టుకున్నాను. అందుకే చెబుతున్నాను: వయసుకో పుస్తకం కొనకండి. ఇంటికంతా ఒకే పాఠం పెట్టండి, వయసును బట్టి పని పంచండి.

మా వసారాలో జరిగేది ఇది. వాల్మీకి రామాయణం బాలకాండలో మొదటి సర్గ, మనం సంక్షేప రామాయణం అంటామే, అందులోంచి రోజుకు ఒక్క శ్లోకం. చిన్నోడు పుస్తకం ముట్టడు. నేను చెబితే వల్లె వేస్తాడు, మోకాలి మీద తాళం వేసుకుంటూ పాదానికి ఎనిమిది అక్షరాలు లెక్క పెడతాడు. పాప ఎర్ర పెన్సిలుతో విభక్తి ప్రత్యయాల కింద గీతలు గీస్తుంది. పెద్దోడు సుద్దముక్కతో నేల మీద సంధి విడదీసి, అన్వయం చెప్పి, ఆ మాటలతోనే సొంతంగా రెండు వాక్యాలు రాస్తాడు. నలభై నిమిషాలు. చిన్నోడు తప్పు పలికితే పాప దిద్దుతుంది, పాప తడబడితే పెద్దోడు అందుకుంటాడు. వచ్చే ఏడు చిన్నోడి చేతికి పెన్సిలు వస్తుంది. శ్లోకం వాడికి అప్పటికే నోటికి వచ్చి ఉంటుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమరకోశం వల్లించిన మన పాత బడుల్లో చిన్నా పెద్దా ఒకే అరుగు మీద కూర్చున్నారు. ముందు చెవి, తర్వాత నోరు, ఆ తర్వాతే అర్థం. అమరకోశానికి లింగాభట్టు రాసిన తెలుగు వ్యాఖ్య పేరు గురుబాలప్రబోధిక. ఆ పేరులోనే గురువూ ఉన్నాడు, బాలుడూ ఉన్నాడు. 1854లో మొదలైన మద్రాసు వావిళ్ళ వారు సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలో అచ్చువేసి తెలుగు ఇళ్లకు చేర్చారు. పాశ్చాత్య దేశాల్లో ఇంట్లో లాటిన్ నేర్పుకునే కుటుంబాలదీ మన తగవే: పట్టికలు ముందా, కథ ముందా? డెన్మార్క్ ఉపాధ్యాయుడు హాన్స్ ఓర్బెర్గ్ 1950లలో మొదటి పుట నుంచీ లాటిన్‌లోనే నడిచే కథ రాసి, పిల్లలు సందర్భాన్ని బట్టే అర్థం పట్టుకునేలా చేశాడు. అంత శ్రమ కూడా మనకు లేదు. వనం, జలం, పుస్తకం, బాలుడు మన పిల్లల నోట్లో ఉన్న మాటలే. డుమువులు మొదలుకొని విభక్తులన్నీ తెలుగు వ్యాకరణంలో చదివినవే. 'చేతన్, చేన్, తోడన్, తోన్' వచ్చిన పాపకు 'రామేణ' చెప్పడానికి అర నిమిషం చాలు. అదే పాపకు ఇంగ్లీషు పుస్తకం తెచ్చి 'ఇన్‌స్ట్రుమెంటల్ కేస్' అని మొదలుపెడితే, దగ్గరి దారి మూసి చుట్టు దారి పట్టించినట్టే. దేవనాగరి పదేళ్లు నిండాక నేర్పండి. మా పాపకు నెల కూడా పట్టలేదు.

ఇక అసలు రోగం సంగతి. ఇంటర్‌లో సంస్కృతాన్ని 'స్కోరింగ్ సబ్జెక్టు' అన్న రోజే దాన్ని చంపారు. పదో తరగతి దాకా తెలుగు చదివిన పిల్లతో కాలేజీలో చేరిన రోజే "సంస్కృతం తీసుకో, మార్కులు పడతాయి" అంటారు. వ్యాసరూప ప్రశ్నలకు జవాబు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసుకోవచ్చునంటారు. నోట్సు బట్టీ పట్టిస్తారు. రెండేళ్లు గడుస్తాయి. తెలుగు పోయింది, సంస్కృతం రాలేదు. రెండు భాషలను బలిపెట్టి ఒక అంకె తెచ్చుకుంటున్నాం. ఇది చదువు కాదు, మోసం. ఆ మోసంలో కాలేజీలతో పాటు మనకూ వాటా ఉంది, ఆ అంకె చూసి స్వీట్లు పంచేది మనమే. ఇప్పుడు ఆ జాడ్యం ఇళ్లలోకీ వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లకు ఇంటర్ గైడు ముందే తెచ్చిపెట్టిన తండ్రిని బైరాగిపట్టెడలో నా కళ్లతో చూశాను. బిడ్డ చదువు మీద ప్రేమ ఉంటే ఆ గైడు ఇంట్లోంచి తీసేయండి.

మరి మార్కులో అంటారు. భాష వచ్చినవాడికి మార్కులు రాకుండా పోతాయా? బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నవారికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్ఐఓఎస్) ఉంది. 14 ఏళ్లు నిండినవారు పదో తరగతికి సమానమైన పరీక్ష రాయవచ్చు, అందులో సంస్కృతమూ ఉంది. సంస్కృతం ఒక కులం సొత్తు అనేవారికి నా జవాబు నా ఇల్లే. మా నాయన ఆర్టీసీ కండక్టరు. మా వంశంలో నాకు ముందు ఎవరూ సంస్కృతం ముట్టలేదు. నేను నేర్చుకుంటూనే నేర్పుతున్నాను, పిల్లల కంటే రెండు శ్లోకాలు ముందుంటే చాలు.

1956లో వేసిన సంస్కృత కమిషన్ సిఫారసుల ఫలంగా 1961లో మన తిరుపతికి కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం వచ్చింది. 2020లో అది జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైంది. ఇంత పెద్ద సంస్థ ఊళ్లోనే ఉంది. పెద్దలను చేతులు జోడించి అడుగుతున్నాం: ఏడేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా ఒకే ఇంటి పిల్లలు కలిసి చదువుకునే ఒక్క పాఠ్యక్రమాన్ని తెలుగు లిపిలో, తెలుగు వ్యాకరణం ఆధారంగా తయారు చేయించండి. శనివారం సాయంత్రాలు ఒక్క తరగతి గది తెరిచి, తల్లిదండ్రులకు పాఠం చెప్పించండి. ఇంటర్ బోర్డును అడిగేది అంతకంటే చిన్నది. సంస్కృతం ప్రశ్నపత్రంలో పిల్లలు ముందు చూడని వాక్యాలు పెట్టి, వాటికి కనీసం 30 మార్కులు ఇవ్వండి. బట్టీ నోట్సు ఆ ఏడాదే చిత్తు కాగితాలవుతుంది.

అవి జరిగేదాకా మనం ఆగనక్కర లేదు. ఈ జూన్‌లో పుస్తకాల అంగడికి పోయే ముందు మీ పిల్లలందరినీ ఒక చాప మీద కూర్చోబెట్టి, ఒక్క శ్లోకం చెప్పి చూడండి. మా ఇంట్లో రోజూ సాయంత్రం ఆరింటికి చాప పరుస్తాం. మా అక్క కూతురు ఇప్పుడు వారానికి మూడు రోజులు వచ్చి, చిన్నోడి పక్కన కూర్చుంటోంది.