బూరుగు చెట్టు కింద ఒక ఆదివారం

ఈ నెల పీఎఫ్ పెన్షన్ సంగతి రాస్తానని పోయినసారి మాట ఇచ్చినాను. ఒక నెల ఓర్చుకోండి. ఈ మధ్య ఇంటిల్లిపాదీ బెంగళూరు లాల్‌బాగుకి పోయివచ్చినాము. అప్పటినుంచి మనసులో అదే తిరుగుతా ఉంది, ముందు అది రాసేస్తాను.

బర్గూరులో తెల్లవారుజామునే బస్సెక్కినాము. కృష్ణగిరిలో మారి, హోసూరు, అత్తిబెలె దాటి బొమ్మసంద్రంలో దిగినాము. అక్కడినుంచి ఇప్పుడు మెట్రో ఉంది. 2025 ఆగస్టులో మొదలైన పసుపు లైను అది. ఎలక్ట్రానిక్ సిటీ, సిల్క్ బోర్డు మీదుగా ఆర్‌వీ రోడ్డు వరకు పోతుంది. అక్కడ ఆకుపచ్చ లైనుకి మారితే మూడో స్టేషనే లాల్‌బాగ్. సిల్క్ బోర్డు దగ్గర గంటలు గంటలు బస్సులో కూర్చుని వేగిపోయినవాళ్ళకి తెలుస్తుంది ఆ సుఖమేమిటో. మా ఇంటామె అయితే కిటికీ దగ్గర కూర్చుని, కింద రోడ్డు మీద నిలిచిపోయిన బండ్లను చూసి నవ్వుతానే ఉంది.

లాల్‌బాగు మనకి కొత్త కాదు. మిల్లులో చేరిన కొత్తలో బోనసు వస్తే చాలు, ఆగస్టు పదిహేనుకో, జనవరి ఇరవై ఆరుకో పూల ప్రదర్శన చూడను పోయేవాళ్ళం. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది. మన బారామహల్ సీమ కూడా ఆ రోజుల్లో ఆయన చేతికిందికే వచ్చింది. కొడుకు టిప్పు సుల్తాను దూరదేశాలనుంచి మొక్కలు తెప్పించి నాటించినాడు. 1792లో మన సీమ ఇంగ్లీషువాళ్ళకి పోయింది, 1799లో టిప్పు పోయినాడు. తోట మాత్రం నిలిచింది. 1856లో సర్కారు తోట అయింది. గాజు మేడ 1889లో మొదలైంది. 1908లో క్రుంబిగల్ అనే జర్మనీ దొర వచ్చి, ఏడాదిలో ఏ నెలలో చూసినా ఏదో ఒక చెట్టు పూతమీద ఉండేటట్టు ఊరంతా చెట్లు పెట్టించే ఆలోచన చేసినాడు. ఇప్పుడా తోట 240 ఎకరాలు. మధ్యలో ఉండే బండ వయసు మూడు వందల కోట్ల ఏళ్ళని భూగర్భశాస్త్రం వాళ్ళు చెబుతారు. దానిముందు హైదరూ నిన్నటివాడే, మనమూ నిన్నటివాళ్ళమే.

ఈసారి మేము ఎక్కువసేపు ఉన్నది పెద్ద తెల్లబూరుగు కింద. రెండు వందల ఏళ్ళ చెట్టంటారు. దాని వేళ్ళు నేలపైన గోడల్లాగా లేచి ఉంటాయి. ఆ గోడల మధ్య నిలబడితే మా మనవరాలు కనిపించకుండా పోయింది, పేరుపెట్టి పిలవాల్సి వచ్చింది. కాయలు పగిలి దూది ఎగిరే కాలం అది. గాలికి ఒక పోగు వచ్చి నా చొక్కామీద వాలింది. వేళ్ళతో లాగి చూసినాను, పాత అలవాటు. ముప్ఫై ఏళ్ళు రింగ్ ఫ్రేము దగ్గర నిలబడిన చేతులు కదా! బూరుగు దూది నున్నగా జారిపోతుంది, మెలి పట్టదు. దారం వడకడానికి లొంగదు. దిండ్లకి, పరుపులకి తప్ప పనికిరాదు. మిల్లుకి పనికిరాని దూది కాసే చెట్టు కింద ఊపిరి నిండా గాలి పీల్చుకున్నాను. మనలో చాలామంది గుండెల్లో ఉండేది పత్తి దుమ్మేనని మీకు చెప్పేదేముంది.

అక్కడ కూర్చునే పులిహోర పొట్లాలు విప్పినాము. మా పెద్ద మనవడు ఎలక్ట్రానిక్ సిటీలో పని చేస్తాడు, హోసూరునుంచి రోజూ మోటారు సైకిల్ మీద పోతాడు. వాడు ఫోను చూస్తా అడిగినాడు.

“తాతా, ఇక్కడ కిందనే సొరంగం రోడ్డు వస్తుందన్నారు, తెలుసా? హెబ్బాళంనుంచి సిల్క్ బోర్డు దాకా.”

“విన్నాను నాయనా. తోటలో ఆరు ఎకరాలు కావాలన్నారంట కదా.”

“అందుకే 2025లో అంత గలాటా అయింది. కానీ తాతా, ట్రాఫిక్ తగ్గితే మాకు మంచిదే కదా?”

వాడి మాటని కొట్టిపారేయడానికి లేదు. రోజూ ఆ పొగలో పోయేది వాడు, నేను కాదు. సొరంగం సుమారు 17 కిలోమీటర్లు. లోపలికి దిగే దారికి, గాలి పోయే గొట్టాలకి పైన ఎక్కడో ఒకచోట భూమి కావాలి. ఆ చోటు లాల్‌బాగులో అశోక స్తంభం వైపు అని ప్లాను బయటపడింది. పొద్దున నడకకి వచ్చే ముసలివాళ్ళనుంచి పార్టీలవాళ్ళ దాకా అందరూ గొంతు ఎత్తినారు, వ్యవహారం హైకోర్టుకి పోయింది. లాల్‌బాగుకి నష్టం చేయమని ప్రభుత్వ పెద్దలు చెప్పినారు. చెప్పిన మాట నిలబడుతుందా లేదా అనేది చూస్తా ఉండాల్సిందే.

నేను మనవణ్ణి ఒకటే అడిగినాను, “ఆ సొరంగంలోకి నీ బండిని పోనిస్తారా?” వాడు ఫోనులో వెతికినాడు. మోటారు సైకిళ్ళకి, ఆటోలకి ప్రవేశం లేదని, కార్లు టోలు కట్టి పోవాలని పేపర్లలో వచ్చిన వార్త దొరికింది. కాసేపు మాట్లాడలేదు. తరువాత “అయితే మనకి మెట్రోనే గతి తాతా” అన్నాడు.

అక్కడే నాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎందుకంటే మేము పొద్దున హాయిగా వచ్చిన మెట్రో కూడా ఈ తోటకి నొప్పి పెట్టే వచ్చింది. 1975లో కర్ణాటకలో పార్కుల సంరక్షణకి ఒక చట్టం చేసినారు. తోట భూమిని ఎవరికిపడితే వారికి ఇవ్వకుండా కాపాడే చట్టం. 2008 చివర్లో మెట్రో కోసం ఒక ఆర్డినెన్సు తెచ్చి, లాల్‌బాగులో వెయ్యి చదరపు మీటర్ల పైచిలుకు భూమిని ఆ చట్టంనుంచే తప్పించినారు. గేటుకి తాళం ఉంటే తాళం పగలగొట్టలేదు, గేటునే పక్కకి జరిపినారన్నమాట. 2009 ఏప్రిల్‌లో ప్రహరీ గోడ కూలింది. పక్కన నందా రోడ్డు చెట్లు కూడా పోయినాయి. కాలేజీ పిల్లలు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు వచ్చి అడ్డం నిలబడినారు. ఆగలేదు. 2017లో ఆ దారిలో రైలు నడిచింది.

మరి ఆ రైలెక్కి వచ్చిన నేను దాన్ని ఏమని తిట్టేది? తిట్టను. వేలమంది కూలినాలి జనం ఎక్కే బండి అది. అయితే ఆ చెట్ల లెక్క మాత్రం మనం మరిచిపోకూడదు. వేలమందికి వచ్చే రైలుకి ఒక గోడ పోయిందనడం వేరు. కార్లున్నవాళ్ళకి మాత్రమే వచ్చే సొరంగానికి ఆరు ఎకరాలు పోవాలనడం వేరు. రెండింటినీ ఒకే ‘అభివృద్ధి’ అనే సంచిలో వేసి తూకం వేస్తే నేను ఒప్పుకోను. ఇంటిచుట్టూ తోట ఉన్నవాడికి లాల్‌బాగు పోయినా ఒక తోట మిగులుతుంది. మన లైను ఇండ్లవాళ్ళకి టిక్కెట్టు కొనుక్కుని పోయే ఆ తోట తప్ప ఇంకేముంది?

ఒక చెట్టు కొడితే పది మొక్కలు నాటుతాము, లేకుంటే చెట్టునే పెకలించి వేరేచోట పెడతాము అంటారు. మర్రి, రావి జాతులు కొమ్మ నాటినా బతుకుతాయి కాబట్టి వాటిని కదిలిస్తే కొంత ఆశ ఉంటుంది. మామిడి ముదురు చెట్టుకి ఆ తట్టుకునే గుణం తక్కువ. నీళ్ళు తాగే సన్నవేళ్ళు చెట్టు మొదట్లో ఉండవు. కొమ్మల నీడ పడేంత మేరా, ఇంకా దాటి కూడా, పైపై రెండు మూడు అడుగుల మట్టిలోనే పరుచుకుని ఉంటాయి. క్రేనుతో లేపే మట్టిముద్దలో వచ్చేది ఆ వేళ్ళలో ఒక చిన్న పాలు. చెట్టుని ముట్టకుండా పక్కన గుంత తవ్వినా సరే, ఆ వేళ్ళు తెగినాయంటే పైకొమ్మలనుంచి ఎండుతా వస్తుంది. అప్పటికి కాంట్రాక్టరు బిల్లు తీసుకుని పోయుంటాడు. ఇక పది మొక్కల సంగతి. ముప్ఫై ఏళ్ళు ఫ్రేము శబ్దం విని ఎక్కడ బాబిన్ సరిగా లేదో చెప్పే మేస్త్రీని ఇంటికి పంపి, నిన్న చేరిన పదిమంది అప్రెంటిస్ పిల్లల్ని నిలబెడతామంటే షిఫ్టు నడుస్తుందా, మీరే చెప్పండి.

ఇంత మాట్లాడే నేను ఏం చేసినానో కూడా చెప్పాలి. చాలా ఏండ్ల కింద, నేను పనిచేసిన మిల్లు లైను ఇండ్ల ముందర పెద్ద వేపచెట్టు ఉండేది. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు పగలు నిద్రపోయింది దాని కిందనే. మా పెద్దోడి ఉయ్యాల కట్టింది దానికే. సైకిళ్ళ షెడ్డు కోసం దాన్ని కొట్టేస్తామన్నారు. షెడ్డు పక్కకి జరిపితే సరిపోయేది, పదిమందిమి కలిసి అడిగింటే జరిపేవాళ్ళేమో కూడా. ఆ ఏడు నాకు మేస్త్రీ పని వస్తుందని ఆశ. గమ్మునుండిపోయినాను. రంపం కోస్తా ఉంటే మా అమ్మ ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. మేస్త్రీ పని ఆ ఏడు రాలేదు లెండి, అది వేరే కథ.

అప్పుడు నాకు తెలియని సంగతులు ఇప్పుడు కొన్ని తెలుసు. కర్ణాటకలో 1976నుంచి చెట్ల సంరక్షణ చట్టం ఉంది. ప్రజాపనుల పేరుతో యాభైకి మించి చెట్లు కొట్టాలంటే ముందుగా ప్రకటన ఇచ్చి జనం అభ్యంతరాలు వినాలి. లాల్‌బాగు కోసం మాట్లాడేవాళ్ళకి అది ఒక పట్టు. మన తమిళనాడులో సర్కారు భూమిలో చెట్టు కొట్టాలంటే కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా గ్రీన్ కమిటీ ఒప్పుకోవాలి. రోడ్డుపక్క చింతచెట్టుకి ఎర్ర రంగుతో నంబరు వేసింటే, అనుమతి కాగితం ఏదని అడిగే హక్కు మనకుంది. కృష్ణగిరి కలెక్టరు ఆఫీసులో సోమవారం మనుగూర్చి పెట్టుకునేటప్పుడు రేషన్ కార్డు అర్జీతోపాటు అది కూడా పెట్టొచ్చు. నంబరు వేసిన చెట్టు ఫొటో, ఊరు పేరు, ఏ రోడ్డు అనేది ఒక కాగితం మీద రాస్తే చాలు. రాయడం రాకుంటే నా దగ్గరికి రండి, సాయంత్రం ఆరు తరువాత ఇంట్లోనే ఉంటాను.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రో కదలగానే మనవరాలు కిటికీకి ముఖం ఆనించి లాల్‌బాగు చెట్లు లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి దగ్గర స్టేషను వచ్చేసింది. బొమ్మసంద్రంలో బస్సు కోసం నిలబడినప్పుడు గౌను జేబులోనుంచి ఒక పగిలిన బూరుగు కాయ తీసింది. కింద పడిందే తెచ్చుకుంది, కోయలేదని వాళ్ళమ్మకి ఒట్టు వేసి చెప్పింది. నల్లటి గింజలు పద్నాలుగు. ఇంటిముందర పాత వేప మొద్దు ఉన్నచోట నాటుదామంటుంది. అంత పెద్ద చెట్టుకి ఆ చోటు చాలదు, పైన కరెంటు తీగలు కూడా ఉండాయి. చెరువుకట్ట కింద చోటు చూడాలి.