ఆ తల్లి ఎక్కడ ఉంది?

మా పై అంతస్తులో ఉండే ఒక పెద్దమనిషి గత నెలలో లిఫ్టులో కలిసి, "మాస్టారూ, మా అమ్మాయికి ఎక్కడైనా మంచి సంబంధం ఉంటే చెప్పండి" అన్నారు. ఆయన కుమార్తెకు పెళ్ళయి ఇద్దరు పిల్లలున్న సంగతి నాకు తెలుసు కనుక ఒక్క క్షణం తికమకపడ్డాను. ఆయన చెబుతున్నది మూడేళ్ళ లాబ్రడార్ గురించి అని అర్థం కావడానికి రెండంతస్తులు పట్టింది. "ఒక్క కానుపైనా కాకపోతే ఆరోగ్యం చెడుతుందటండీ. ఆడజన్మ ఎత్తాక ఒక్కసారైనా తల్లి కావద్దూ?" అన్నారు. క్రాసింగుకు మగవారు డబ్బు అడగరట. పుట్టిన పిల్లల్లో మొదట ఏరుకునే హక్కు వాళ్ళది, అంతే. కట్నాల విషయంలో మన సంఘం ఇంత ఉదారంగా ఉండి ఉంటే ఎంత బాగుండేదో కదా.

నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండవలసిందని ఇంటికి వచ్చాక తోచింది. ఈ టపా ఆ మౌనానికి ప్రాయశ్చిత్తం. ఇందులో కటువైన మాటలు కొన్ని దొర్లుతాయి. వాటిలో పెద్ద వాటా నాకే చెందుతుందని ముందే విన్నవించుకుంటున్నాను.

మొదట ఆ "ఒక్క కానుపు" సంగతి. ఇది శాస్త్రం కాదు, మన ఇళ్ళలోని ముసలమ్మల శాస్త్రాన్ని కుక్కల మీద రుద్దడం. కానుపు కాలేదని జబ్బు పడే కుక్క లేదు. జబ్బు పడేది గర్భసంచి ఉన్న కుక్క. వయసు మళ్ళిన ఆడకుక్కలకు గర్భసంచిలో చీము పట్టే వ్యాధి ఒకటి ఉన్నది. సకాలంలో కోసి తీయకపోతే అది ప్రాణం తీస్తుంది. చిన్నతనంలోనే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయిస్తే ఆ భయం ఉండదు, చనుకట్లలో గడ్డల ముప్పూ బాగా తగ్గుతుంది. శస్త్రచికిత్స ఏ వయసులో చేయించాలన్నది జాతిని బట్టి, శరీరాన్ని బట్టి వైద్యుడు చెప్పవలసిన మాట. పెద్ద జాతులకు కొంత ఆగమంటారు. కాని "తల్లి కావాలి" అన్న మాటలో ఉన్నది కుక్క కోరిక కాదు, మన సరదా. ఆ సరదాకు ఫలం ఏడెనిమిది ప్రాణాలు. అరవై మూడు రోజుల తర్వాత అవి ఎక్కడికి పోతాయని అడిగితే "అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారండీ" అంటారు. అడిగేవాళ్ళు నిజంగానే ఉంటారు. పెంచేవాళ్ళ సంగతి వేరు.

ఇక నా కథ. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ వాణిజ్య ప్రకటన వచ్చింది. ఒక చిన్న పిల్లవాడు ఎక్కడికి పోతే అక్కడికి వెంట నడిచే పగ్ కుక్క. దేశమంతా ఆ కుక్కను చూసి మురిసిపోయింది. మా పిల్లలూ మురిశారు. మూడేళ్ళు సతాయించాక 2006లో నగరంలోని ఒక దుకాణంలో తొమ్మిది వేలు పోసి ఒక పగ్ పిల్లను కొన్నాను. నలభై అయిదు రోజుల పిల్ల అన్నాడు అమ్మినవాడు. పళ్ళు చూసిన వైద్యుడు నెల కూడా నిండి ఉండదన్నాడు. దానికి చిట్టి అని పేరు పెట్టుకున్నాము.

చిట్టి గురక పెట్టేది. మెలకువగా ఉన్నప్పుడు కూడా పెట్టేది. ఇంటికి వచ్చినవాళ్ళందరూ నవ్వేవారు, మేమూ నవ్వేవాళ్ళం. ఆ గురకను ఫోనులో రికార్డు చేసి బంధువులకు వినిపించిన ఘనుణ్ణి నేను. అది ఊపిరి అందని ప్రాణి చేస్తున్న చప్పుడని నాకు అయిదేళ్ళకు గాని తెలియలేదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పుతూ, నాలుక మీదుగా, ముక్కు లోపలి తడి మీదుగా గాలిని ఆడించి ఒంటి వేడిని బయటికి పంపుతుంది. పగ్‌కు ఆ ముక్కును మనిషి తరతరాలుగా ఏరి ఏరి కుదించాడు. ఎముక కురచ అయింది కాని లోపలి కండ కురచ కాలేదు. సన్నటి ముక్కు రంధ్రాలు, గొంతులోకి వేలాడే పొడుగాటి అంగిలి. గాలి పోయే దారి అదే, వేడి పోయే దారీ అదే.

2011 మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మేము పెళ్ళికి వెళ్ళి ఉన్నాము, సాయంత్రానికి వచ్చేస్తాము కదా అనుకున్నాము. నీళ్ళు నిండుగా పెట్టాము, కిటికీ తెరిచి ఉంచాము. తిరిగి వచ్చేసరికి అది స్నానాలగది గచ్చు మీద ఉన్నది. చల్లదనం వెతుక్కుంటూ అక్కడిదాకా పోయిందన్నమాట. నాలుక నీలంగా ఉన్నది. ఆసుపత్రికి తీసుకుపోయే దారిలోనే ప్రాణం పోయింది. ఆ వైద్యుడు నా మీద కోప్పడలేదు. దాని మూతిని వేలితో చూపించి, "ఇది ముక్కు కాదు సార్, ముక్కు బొమ్మ" అన్నాడు.

ఇక్కడితో ఆగితే ఈ కథలో నేను కేవలం తెలియనివాణ్ణి. కాని ఆగలేదు. పిల్లలు ఏడుస్తున్నారని రెండు నెలలకే అదే దుకాణానికి వెళ్ళి ఇంకొకటి కావాలన్నాను. ఈసారి తెలివి వచ్చింది కదా, తల్లిని చూపిస్తేనే కొంటానన్నాను. అతను విసుక్కుని, ఒక కుర్రవాణ్ణి తోడిచ్చి ఊరి శివారులోని రేకుల షెడ్డుకు పంపాడు.

లోపల ఇనుప బోనులు, రెండు వరసలు, ఒకదాని మీద ఒకటి. అడుగున గచ్చు కాదు, తీగల జల్లెడ. మలమూత్రాలు కిందికి జారిపోవడానికి. వాటి పాదాలు ఆ తీగల మీద నిలబడి నిలబడి వేళ్ళు విచ్చుకుపోయాయి. ఫినాయిలు వాసన, దాని కింద మరో వాసన. కుర్రవాడు ఒక బోనును తట్టి "ఇదేనండి" అన్నాడు. నేను అనుకున్నట్టు అది మొరగలేదు, తోక ఆడించలేదు. చనుకట్లు జల్లెడకు ఆనుతున్నాయి. ఒక కన్ను తెల్లబడి ఉన్నది. "ఎన్నో ఈత బాబూ?" అంటే "లెక్క ఎవరు రాస్తారండి, ఎదకొచ్చినప్పుడల్లా వేస్తాం" అన్నాడు. వయసెంత అంటే అయిదో ఆరో అన్నాడు. నా చిట్టి వయసు అయిదు. ఇది దాని తోబుట్టువు కావచ్చు. ఒకటి మా సోఫా మీద గురక పెట్టింది, ఒకటి ఈ బోనులో. రెండింటికీ కలిపి నేను కట్టిన వెల తొమ్మిది వేలు.

నేను కొనకుండా వచ్చేశాను. అదేమీ ఘనకార్యం కాదు. ఎవరికీ ఫిర్యాదు కూడా చేయలేదు. అప్పుడు నాకు నేను చెప్పుకున్న సాకు, చేసినా ఏమవుతుందని. జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు 1960లో చేసిన చట్టంలో మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుండి యాభై రూపాయల వరకు. ఆ షెడ్డువాడు ఒక్క పిల్లను అమ్మి నూట ఎనభైసార్లు కట్టుకోగలడు. సాకు సాకే అయినా లెక్క మాత్రం సరైనదే.

మన భారతం ఒక కుక్క తల్లితోనే మొదలవుతుందన్న సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జనమేజయుడు యాగం చేస్తుండగా అక్కడికి ఆడుకుంటూ వచ్చిన సారమేయుణ్ణి ఆయన తమ్ములు కొడతారు. తల్లి సరమ ఊరుకోలేదు. నేరుగా రాజు దగ్గరికి వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడిగింది, అనుకోని ఆపద మీకు వస్తుందని చెప్పి మరీ వెళ్ళింది. నన్నయ ఆదిపర్వంలో ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలిగేది ఆమె శాపానికి కాదు, ఆమె లోపలికి రాగలిగినందుకు. ఆ సభకు తలుపు ఉన్నది, ఆ తల్లి దాని గుండా వచ్చింది. మన కాలపు సరమలు రేకుల షెడ్డులో ఉంటారు. మనకు వచ్చేది వాట్సాప్‌లో రిబ్బను కట్టిన పిల్ల ఫొటో మాత్రమే.

నాకు కోపం షెడ్డువాడి మీద తక్కువ. వాడు వ్యాపారి, గిరాకీ ఉన్న సరుకు చేస్తాడు. నా కోపం "మేము కుక్కల ప్రేమికులం" అని చెప్పుకుంటూ ఆ సరుకు కొనే చదువుకున్నవాళ్ళ మీద. మామిడిపండు కొనేటప్పుడు ఏ తోటదని అడుగుతాము. పట్టుచీర కొనేటప్పుడు ఏ మగ్గం మీద నేశారని అడుగుతాము. పన్నెండేళ్ళు మన ఇంట్లో ఉండబోయే ప్రాణి గురించి మాత్రం "హోమ్ డెలివరీ ఉందా?" అని అడుగుతాము.

"మాది కాగితాలున్న కుక్కండీ" అనేవారున్నారు. ఆ కాగితం చెప్పేది తాతముత్తాతల పేర్లు; తుంటి కీలు అరిగిందా, గుండె సరిగా కొట్టుకుంటున్నదా అన్నది చెప్పదు. పైగా ఆ పేర్లలోనే చిక్కున్నది. లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రజ్ఞులు 2008లో అక్కడి కెన్నెల్ క్లబ్ వంశావళులను పరిశీలిస్తే, సుమారు 10,000 పగ్‌లలో ఉన్న జన్యు వైవిధ్యం కేవలం 50 కుక్కలలో ఉండవలసినంత అని తేలింది. మేనరికాలే వద్దని డాక్టర్లు మొత్తుకుంటున్న రోజుల్లో, తాతకు మనుమరాలిని, అన్నకు చెల్లెలిని కట్టబెట్టి దానికి శుద్ధ వంశం అని పేరు పెట్టుకున్నాము. నార్వేలో ఈ సంగతి న్యాయస్థానాల దాకా వెళ్ళింది. కవలియర్ కింగ్ చార్లెస్ జాతికి వారసత్వంగా వచ్చే జబ్బులను లెక్కలోకి తీసుకుని, ఆ కుక్కలను అలా పుట్టించడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని 2023లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

మన దగ్గరా నియమాలు లేకపోలేదు. 2017లో కేంద్ర ప్రభుత్వం కుక్కల పెంపకం, విక్రయం మీద వివరమైన నియమాలు చేసింది. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. 18 నెలలు నిండని, 8 ఏళ్ళు దాటిన ఆడకుక్కను చూలు కట్టించకూడదు. జీవితంలో 5 ఈతలకు మించకూడదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఈ చివరిది చాదస్తం కాదు. ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది తోబుట్టువులతో పెనుగులాడే ఆ వారాలలోనే. నెలకే తల్లి నుండి విడదీసిన పిల్ల ఆ పాఠం నేర్చుకోకుండానే మన ఇంటికి వస్తుంది. పెద్దదై కరిస్తే "ఈ జాతే అంత" అంటాము. ప్రభుత్వమూ అలాగే అనుకున్నది. 2024 మార్చిలో 23 జాతుల పేర్లు రాసి వీటిని పెంచవద్దు, అమ్మవద్దు అని రాష్ట్రాలకు లేఖ పంపింది. సంబంధించిన వారిని సంప్రదించకుండా చేశారని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దానిని కొట్టివేసింది. గొలుసుతో మేడ మీద కట్టేసి ఉంచి, క్రూరంగా తయారుచేసే యజమానుల జాబితా ఎవరూ రాయలేదు.

బాధ్యత గల పెంపకందారులు లేరా? ఉన్నారు, తక్కువ. వారిని గుర్తుపట్టడం కష్టం కాదు. అడిగిన వెంటనే పిల్లను ఇవ్వరు. మీరు ప్రశ్నలు అడిగే లోపు వారే మిమ్మల్ని అడుగుతారు: పగలు ఇంట్లో ఎవరుంటారు, అద్దె ఇల్లా, ఊరు మారితే ఏం చేస్తారు. తల్లిని తమ ఇంటి వసారాలోనే చూపిస్తారు. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూపిస్తారు. అన్నింటికన్నా, "ఎప్పుడైనా పెంచలేకపోతే మాకే తెచ్చివ్వండి" అంటారు. ఈ చివరి మాట అనని వాణ్ణి నేను పెంపకందారు అనను.

దేశవాళీ కుక్కల మీద ఇప్పుడు మోజు మొదలైంది. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ పేర్లు పెళ్ళిళ్ళలో కూడా వినబడుతున్నాయి. మన కొల్లేటి వైపు జోనంగి ఉన్నది. పొట్టి వెంట్రుకలు, ముడతల నుదురు, నేలలో గొయ్యి తవ్వుకుని పడుకునే అలవాటు, బాతుల మందలకు కాపలా కాసిన జాతి. ఎండకు తట్టుకునే కుక్క కావాలంటే హస్కీ కంటే అది వెయ్యి రెట్లు నయం. అయినా నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువగా ఉన్నది. తెల్లటి రాజపాళయాలలో పుట్టు చెవుడు ఇప్పటికే ఉన్నది. తెలుపు కోసం తెలుపునే ఏరుకున్న ఫలితం అది. జాతి మార్చినంత మాత్రాన షెడ్డు మారదు. బాతుల వెంట పొలాలలో పరుగెత్తిన జోనంగిని రెండు పడకగదుల ఫ్లాటులో కట్టేసి "స్వదేశీ" అంటే దానికి ఒరిగేదేమున్నది? మీ వీధిలోనే పుట్టిన పిల్లను తెచ్చుకోండి, టీకాలు వేయించండి, శస్త్రచికిత్స చేయించండి. దాని తల్లి ఎక్కడ ఉన్నదో మీకు తెలుసు. టీకొట్టు వెనక ఉంటుంది. వెళ్ళి చూడవచ్చు.

ఆ పై అంతస్తు పెద్దమనిషి మొన్న మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగాక ఆయన చేతికి ఒక తెల్లకాగితం ఇచ్చాను. "ఎనిమిది పిల్లలు పుడతాయనుకుందాము. ఎవరింటికి పంపుతారో ఎనిమిది పేర్లు రాయండి. ఏ.సీ. ఉన్నవాళ్ళు కాదు, పన్నెండేళ్ళ తర్వాత కూడా ఉంచుకునేవాళ్ళు. రాయగానే సంబంధం నేనే చూస్తాను" అన్నాను. ఆయన చాలా ఉత్సాహంగా మొదలుపెట్టారు. మొదటి పేరు తమ్ముడిది, రెండవది ఆఫీసులో స్నేహితుడిది. మూడవ పేరు రాసి కొట్టేశారు. తర్వాత చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంట్లో కూడా అడిగి చెబుతానని వెళ్ళారు.